పదిహేనేళ్ళకే వలస

బెంగళూరులో నేను పనిచేసే ఫిజియోథెరపీ క్లినిక్‌కి పగలంతా ఐటీ ఉద్యోగుల మెడనొప్పులు, నడుంనొప్పులు వస్తాయి. సాయంత్రం నాలుగు దాటితే ఫుట్‌బాల్ అకాడమీల పిల్లలు మొదలవుతారు. మణిపుర్, మిజోరం, కేరళ, తమిళనాడు, అన్ని దిక్కుల వాళ్ళూ ఉంటారు. అప్పుడప్పుడు వాళ్ళలోంచి ఒకడు మెల్లగా అడుగుతాడు: "అక్కా, మీదీ అనంతపురమేనంట కదా?"

నేను డిగ్రీ చేతికొచ్చాక ఊరు విడిచాను. వీళ్ళు పదో తరగతి కూడా పూర్తికాకుండానే వచ్చేశారు. హాస్టల్ తిండి, ఇంకో భాష, ఆదివారం అమ్మతో ఫోను. ఆ ఫోనులో ఎవరూ నిజం చెప్పరు. "బాగున్నానమ్మా, తిన్నానమ్మా" అంటారు. కొత్తలో నేనూ అట్లాగే చెప్పేదాన్ని. కాకపోతే నేను దాచింది బెంగ. వీళ్ళు మోకాలినొప్పి దాస్తారు.

ఎందుకు దాస్తారో అర్థం కావాలంటే మన దగ్గర పిల్లల ఆట ఎట్లా నడుస్తుందో తెలియాలి. మన జిల్లాల్లో చాలావరకు నాకౌట్ టోర్నమెంట్లే. ఒక్క మ్యాచ్ ఓడితే బస్సెక్కాల్సిందే. ఎంపిక చేసేవాళ్ళు వచ్చేది ఆ ఒక్కరోజే. ఆ రోజు తొడకండరం పట్టేసినా ఏ పిల్లవాడు బెంచ్ మీద కూర్చుంటాడు? పరిగెత్తుతాడు. పట్టేసింది కాస్తా చిరుగుతుంది. అప్పుడు నా దగ్గరికి తీసుకొస్తారు.

లీగులో, అంటే ఓడినా మ్యాచులు ఆగని పోటీలో, ఆడే పిల్లలు వేరుగా ఉంటారు. క్లబ్బుల జూనియర్ జట్లకోసం రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ 2022లో గోవాలో మొదలైంది. మొదటి ఏడాది ఎనిమిది జట్లు ఆడాయి. ఏడు జట్లు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్, దేశంలో పెద్ద క్లబ్బుల పోటీ) క్లబ్బులవి, ఎనిమిదోది రిలయన్స్ వాళ్ళ సొంత అకాడమీది. నౌషాద్ మూసా కోచ్‌గా బెంగళూరు ఎఫ్‌సీ కుర్రాళ్ళు గెలిచారు, 2023లో మళ్ళీ వాళ్ళే. మొదటి ఏడాది గెలిచిన జట్టులో శివశక్తి నారాయణన్ అని ఒకడున్నాడు, తమిళనాడులో కారైకుడి దగ్గర కండనూరు వాడు. గోల్స్ మీద గోల్స్ కొట్టి పెద్ద జట్టులోకి వెళ్ళాడు, 2022–23 ఐఎస్ఎల్ వర్ధమాన ఆటగాడి అవార్డు తెచ్చుకున్నాడు. పిల్లలందరికీ అతని కథ కంఠతా వచ్చు.

నాకు మాత్రం కప్పులకంటే ఇంకొకటి ముఖ్యం. ఈ వారం ఓడినా పై వారం ఇంకో మ్యాచ్ ఉంటుందని తెలిసిన పిల్లవాడు నొప్పిని నోరు తెరిచి చెప్తాడు. "అక్కా, నిన్నటినుంచి ఇక్కడ లాగుతోంది" అంటాడు. చిరగకముందే పట్టుకోగలుగుతాం. నాలుగు రోజులు ఆపితే సరిపోయేది నాలుగు నెలలదాకా పోదు. ఎదిగే వయసులో మోకాలిచిప్ప కింద బొడిపెలాగా వచ్చి నొప్పెడుతుంది. ఎముక పెరిగే వేగాన్ని కండరం అందుకోలేక వచ్చేది అది. ఆట తగ్గించి ఓపిక పడితే చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. మోకాలి మధ్యలో ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంటు (ఏసీఎల్) తెగి ఆపరేషన్ అయితే కనీసం తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలూ ఆగగలిగేది, తిరిగొచ్చాక ఆడటానికి సీజన్ ఉందన్న ధైర్యం ఉన్నవాడే.

మన తెలుగు పిల్లలకు ఆ ధైర్యం తక్కువ. ఆట బాగోలేదంటే ఇంటికి పంపేస్తారని భయం. ఇంటికి వెళ్తే ఊళ్ళో ఏమంటారో అని ఇంకో భయం. వలస వచ్చినవాళ్ళందరికీ తెలిసిన భయమే ఇది, కానీ పదిహేనేళ్ళ పిల్లవాడు మోయాల్సినది కాదు.

ఇది తలుచుకుంటే హైదరాబాద్ మీద కోపం వస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది, అప్పట్లో దేశంలో పేరున్న టోర్నమెంట్ అది. ఆయన కోచ్‌గానే 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం వచ్చింది. అంతటి ఊరికి 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, 2022లో ఐఎస్ఎల్ గెలిచింది. గోవాలో ఆడిన ఆ ఎనిమిది జట్లలో దాని జూనియర్లూ ఉన్నారు. 2025కల్లా ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. శ్రీనిధి దక్కన్ అని ఇంకో క్లబ్బు ఉంది, సంతోషం. రెండు రాష్ట్రాల పిల్లలకు అదొక్కటి ఎట్లా చాలుతుంది? అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే సేవాసంస్థ) వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్‌లో చక్కటి మైదానాలున్నాయి, ఆడపిల్లలు కూడా ఫుట్‌బాల్ ఆడుతున్నారు. అక్కడినుంచి పైకి ఎక్కే మెట్టే లేదు. అందుకే రెండొందల కిలోమీటర్లు దాటి బెంగళూరు వస్తున్నారు.

మా వైపునుంచి తల్లిదండ్రులు ఫోన్ చేసి, "అమ్మా, వాణ్ణి ఆ అకాడమీలో వేయొచ్చా?" అని అడుగుతుంటారు. ఫీజు సంగతి చివర్లో మాట్లాడుకోమంటాను. ముందు ఏడాదికి ఎన్ని మ్యాచులు ఆడిస్తారో, ఏ లీగులో ఆడిస్తారో అడగండి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. వయసులవారీగా పిల్లల యూత్ లీగులు నడిపేది ఆ సమాఖ్యే. దెబ్బ తగిలితే చూసేవాళ్ళు మైదానం దగ్గరే ఉంటారా, ఆగిన నెలల్లో పిల్లవాణ్ణి హాస్టల్లో ఉంచుకుంటారా అని కూడా అడగండి. పుట్టినతేదీ కాగితాలు సరిగా పెట్టండి, వయసు దాటిందేమోనని మణికట్టు ఎముకలు పరీక్షిస్తారు. ఇక పిల్లవాడు ఆదివారం ఫోన్ చేసినప్పుడు గెలిచావా అని అడక్కండి. ఎక్కడైనా నొప్పిగా ఉందా నాయనా అని అడగండి.