స్పీడ్ ఫుల్, మాట ముక్కలు ముక్కలు

పోయిన నెలంతా ఆఫీసు కాల్స్‌లో నేను ఎక్కువగా విన్న మాట “మీ వాయిస్ బ్రేక్ అవుతోందండీ”. అదైనా రోజంతా ఉంటే ఏదో ఒకటి తేల్చుకోవచ్చు. గంటసేపు శుభ్రంగా నడిచి, సరిగ్గా నేను మాట్లాడాల్సినప్పుడు రెండు సెకన్లు బిగుసుకుపోయి, మళ్లీ ఏమీ ఎరగనట్టు నడిచేది. పక్కనే ఉన్న ఫోన్‌లో అదే వైఫై మీద వీడియోలు హాయిగా వస్తున్నాయి.

నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే ఒకబ్బాయి వచ్చి, స్పీడ్ టెస్ట్ పెట్టి, “ఫుల్ వస్తోంది మేడమ్, ల్యాప్‌టాప్ ఒకసారి చూపించుకోండి” అని రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేసి వెళ్లిపోయాడు. ఆ రోజు ఒళ్లు మండింది కానీ ఇప్పుడు చూస్తే అతను చెప్పింది సగం నిజమే.

అసలు స్పీడ్ టెస్ట్‌తో ఈ జబ్బు బయటపడదు. బిందె ఎంతసేపట్లో నిండిందన్నదే అది చూస్తుంది, మధ్యలో కుళాయి ఓ క్షణం ఆగిందా అన్నది దానికి పట్టదు. కాల్‌లో మన గొంతు దాదాపు 20 మిల్లీసెకన్లకొక చిన్న ముక్కగా వెళ్తుంది కాబట్టి అర సెకను ఆగినా మాట తెగిపోతుంది. చూడాల్సింది పింగ్, అంటే ఒక చిన్న సందేశం పంపితే జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో తిరిగొస్తుందన్న లెక్క. అదీ బయట ఎక్కడో ఉన్న సర్వర్‌కి కాదు, ముందు మన రౌటర్‌కే. మా ఇంట్లో దాని అడ్రస్ 192.168.1.1. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఆ అడ్రస్‌కి పింగ్ కొట్టి, చివర హైఫన్ పెట్టి టి అక్షరం తగిలిస్తే మనం ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది.

నాకు వచ్చిన అంకెలు ఇలా ఉన్నాయి: 3, 2, 4, 3, 610, 1240, ఆ తర్వాత రెండుసార్లు అసలు జవాబే లేదు, మళ్లీ 3. రౌటర్ నాకు నాలుగు మీటర్ల దూరంలో ఉంది, మధ్యలో ఒక గోడ, దానికి ఆనించి అమ్మ బీరువా. అంత దగ్గరికి వెళ్లి రావడానికే 1240 మిల్లీసెకన్లు పడుతుంటే బయట వీధిలో కేబుల్‌ని తిట్టి లాభం లేదు కదా.

ఇక మొదలుపెట్టాను. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ పవర్ సేవింగ్ టిక్కు తీసేశాను, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, కొత్తది వేశాను. కొన్ని ల్యాప్‌టాప్‌లు చుట్టూ ఏ నెట్‌వర్క్‌లు ఉన్నాయో మధ్యమధ్యలో వెతుక్కుంటాయి, అప్పుడు కూడా పింగ్ ఎగురుతుంది, కానీ అది మామూలుగా ఒక లెక్క ప్రకారం వస్తుంది. నాది మాత్రం ఇష్టమొచ్చినట్టు వస్తోంది. అయితే డ్రైవర్ వేసిన సాయంత్రం నుంచి రెండు రోజులు ఒక్క కుదుపు లేదు. ఆఫీసు గ్రూప్‌లో “డ్రైవర్ అప్‌డేట్ చేసుకోండి, అంతే” అని సలహా కూడా పడేశాను.

మూడో రోజు మళ్లీ మొదలు.

ఏం మారిందా అని బుర్ర బద్దలు కొట్టుకుంటే అప్పుడు గుర్తొచ్చింది. ఆ రెండు రోజులూ నా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఇంట్లో లేదు. సినిమాలు ఎక్కించుకుంటానని తమ్ముడు పట్టుకెళ్లాడు, మూడో రోజు పొద్దున తెచ్చి “అక్కా, ఇదిగో” అని ల్యాప్‌టాప్ ఎడమ పక్కన పెట్టి పోయాడు. నేనేమో ఎప్పట్లాగే గుచ్చేశాను. అందులోకి బ్యాకప్ దానంతటదే అవుతుంటుంది, కొత్త ఫైళ్లు పడ్డప్పుడల్లా.

పింగ్ నడుస్తుండగా ఒక పెద్ద ఫోల్డర్ కాపీకి పెట్టాను. వెంటనే 400, 900. కాపీ ఆపాను, 3. మళ్లీ పెట్టాను, 700. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సంగతేమిటంటే డిస్క్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే యూఎస్‌బీ 3.0 సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో పనిచేస్తుంది, అప్పుడు దాని కేబుల్, కనెక్టర్ల నుంచి బయటికి వచ్చే రేడియో రొద వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పడుతుంది. ఇంటెల్ వాళ్లు 2012లోనే దీని మీద ఒక పేపర్ వేశారు. ల్యాప్‌టాప్‌లో వైఫై యాంటెన్నాలు చాలావాటికి స్క్రీన్ అంచుల్లో ఉంటాయి, డిస్క్ దాని పక్కనే కూర్చుంటే చెవి దగ్గర డప్పు కొట్టినట్టే. పైగా బీరువా ఇనుము దాటుకుని వచ్చే సిగ్నల్ ముందే నీరసంగా ఉంది. ఫోన్‌కి ఏ బాధా లేకపోవడానికి కారణం అది 5 గిగాహెర్ట్జ్ మీద ఉండటమే. రౌటర్‌లో 2.4, 5 అనే ఈ రెండు బ్యాండ్లకీ ఒకే వైఫై పేరు ఉండటంతో ల్యాప్‌టాప్ తనకి నచ్చిన 2.4 పట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు 5కి వేరే పేరు పెట్టి ల్యాప్‌టాప్‌ని దానికే కలిపాను. లోపలి బెడ్‌రూమ్‌లోకి అది సరిగ్గా రాదు, అక్కడ కూర్చున్న రోజు 2.4 తప్పదు. అందుకని ఒక మీటరు కేబుల్ కొని డిస్క్‌ని మంచం పక్కన స్టూల్ మీదకి పంపేశాను. పింగ్ 5 మిల్లీసెకన్లు దాటడం లేదు. “దారిలో ఈ స్టూల్ ఎవరు పెట్టారే” అని అమ్మ మాత్రం రోజుకోసారి అరుస్తోంది. గ్రూప్‌లో పెట్టిన డ్రైవర్ సలహా ఇంకా డిలీట్ చేయలేదు, ఇద్దరు థాంక్స్ కూడా చెప్పారు.