మూత సంగతి ముందు: బాల్ పైథాన్‌కి ప్లాస్టిక్ టబ్బు, నా అనుభవం

శ్రీకాకుళంలో ఒక పాము ఇంట్లోంచి వీధిలోకి వచ్చిందంటే అది ఏ జాతిదని ఎవరూ అడగరు. "పావొచ్చింది, కర్ర తే బేగి!" అని ఒక్క కేక పడ్డాక దాని ఆయుష్షు ఐదు నిమిషాలు. అందుకే పాముని ఉంచే ప్లాస్టిక్ టబ్బు తయారుచేసే పనిలో వేడి, తేమ, అడుగున పరిచేది, అన్నీ తర్వాత. ముందు మూత.

దానికంటే ముందు చట్టం. నేను రాస్తున్నది బాల్ పైథాన్ గురించి, అంటే పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. పొలంలో దొరికిన జెర్రిపోతునో, కొండచిలువ పిల్లనో తెచ్చి పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్ సైటీస్ (వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. 2022 సవరణ, 2024 నియమాలు వచ్చాక దాన్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి, అదీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు. అమ్మేవాడి దగ్గర కాగితాలు లేకపోతే బేరం అక్కడే ఆపెయ్యండి.

నేను తీసుకున్నది 40 లీటర్ల టబ్బు. అడుగు కొలిస్తే 50×35 సెంటీమీటర్లు, ఎత్తు 25. పాము 70 సెంటీమీటర్లుంది. టబ్బు పొడవూ వెడల్పూ కలిపితే పాము పొడవుకి తగ్గకూడదన్నది కనీస లెక్క. ఎదిగి 120 దాటాక ఇదే టబ్బులో ఉంచితే అన్యాయం, అప్పుడు 80×45కి తగ్గకుండా చూడాలి. కొనేటప్పుడు టబ్బు తిరగేసి త్రికోణం గుర్తులో అంకె చూడండి. 5 ఉంటే పాలీప్రొపిలీన్, కొంచెం వంగుతుంది, వేడికి తట్టుకుంటుంది. 6 అంటే అద్దంలా మెరిసే పాలీస్టైరీన్, చిల్లు పెట్టబోతే పగుళ్లిస్తుంది.

ఇక మూత. ఈ టబ్బులకి క్లిప్పులు పొట్టి వైపుల్లోనే ఉంటాయి, పొడుగు వైపు మధ్యలో ఏ పట్టూ ఉండదు. షాపులో గట్టిగానే కనిపిస్తుంది. ఇంటికి తెచ్చి మూత పెట్టి, క్లిప్పులు వేసి, టబ్బుని తలకిందులు చేసి చూశాను. పొడుగు వైపు మధ్యలో పెన్సిల్ పట్టేంత సందు తెరుచుకుంది. పాము చేసేది సరిగ్గా ఇదే: రాత్రంతా మూతితో మూత అంచు పొడుస్తూ తిరుగుతుంది, మెత్తగా లొంగిన చోట ఆగి తోస్తుంది. తల పట్టిందంటే ఒళ్లు పట్టినట్టే.

మూత మీద ఇటుక పెట్టమని చాలామంది చెప్తారు. పెట్టి చూశాను. ఇటుక బరువుకి మూత మధ్యలో కుంగి నాలుగు మూలలూ పైకి లేచాయి, అలా లేచిన చోటే పాము తోస్తుంది. దాని బదులు బ్యాగులకి వాడే బకిల్ ఉన్న నైలాన్ పట్టీలు రెండు, ఒక్కోటి అంగుళం వెడల్పు, అడ్డంగా చుట్టాను. పొడుగులో నాలుగో వంతు దగ్గర ఒకటి, మూడు వంతుల దగ్గర ఇంకొకటి. బిగించాక చూపుడు వేలితో అంచు చుట్టూ లోపలికి తోసి చూడాలి. ఎక్కడ వేలి గోరు దూరినా అక్కడ పని అవలేదన్నమాట. ఇంట్లో పిల్లలుంటే పట్టీతో సరిపెట్టొద్దు. టబ్బు అంచుకీ మూతకీ కలిపి చిల్లు పెట్టి చిన్న తాళం వెయ్యండి.

గాలి చిల్లులకి డ్రిల్లు కాదు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ (వైర్లు అతికే కరెంటు కడ్డీ) వాడాను. చిల్లు 4 మిల్లీమీటర్లు దాటకూడదు. పొగ మంచిది కాదు కాబట్టి పెరట్లో కూర్చుని చెయ్యాలి. కాలిన చిల్లు చుట్టూ కరిగిన ప్లాస్టిక్ గట్టిపడి గరుకు అంచు కడుతుంది, చూస్తే కనపడదు. దూది ఉండ తీసుకుని లోపలి గోడంతా రుద్దితే ఎక్కడెక్కడ పోగు చిక్కుకుందో అక్కడ ఉప్పుకాగితం పడాలి. నాకు మొదటి వరసలో 14 చిల్లులుంటే 9 చోట్ల దూది చిక్కింది. అంతా అయ్యాక గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, రెండు రోజులు ఎండలో పెడితే కాలిన వాసన పోయింది.

ఎన్ని చిల్లులు అన్నదానికి విదేశీ సలహాలు మన దగ్గర పనికిరావు. వాళ్లకి చలి, పొడిగాలి. తేమ నిలవాలని చిల్లులు తగ్గిస్తారు. మనకి సముద్రం పక్కనే ఉంది. బాల్ పైథాన్‌కి కావలసింది 55 నుంచి 65 శాతం తేమ. జూలై నుంచి అక్టోబరు దాకా మన గది గాలిలోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. పక్కకి 14 చొప్పున పెట్టి మొదలెడితే, పొద్దున్నే గోడల మీద నీటి చుక్కలు. టబ్బుకి వేడి ఒక కొసనే పెడతాం, అది వెచ్చ వైపు, రెండో కొస చల్ల వైపు. చల్ల వైపు కింద ఒక వరస, వెచ్చ వైపు పైన రెండు వరసలు పెంచాక ఆగింది. వేడి గాలి పైనుంచి పోతుంటే కింద నుంచి కొత్త గాలి వస్తుంది. ఆ చుక్కల్ని నిర్లక్ష్యం చేస్తే పొట్ట పొలుసుల మీద నీటి పొక్కులు, తర్వాత గోధుమరంగు మచ్చలు. ఇంకా ముదిరితే నోటి దగ్గర బుడగలు, ఊపిరిలో పిల్లికూతలు. అంతవరకూ వస్తే టబ్బు మరమ్మతు కాదు, పశువైద్యుడు కావాలి.

వేడి అందించడం నిజానికి మనకి డిసెంబరు, జనవరి రాత్రుల సమస్య. 15×28 సెంటీమీటర్ల, 7 వాట్ల హీట్ మ్యాట్ (కరెంటుతో వెచ్చబడే పలచటి షీటు) టబ్బు బయట, అడుగు కింద, మూడో వంతు మేరకే. టబ్బు కింద రెండు అరంగుళం రీపరు ముక్కలు పెట్టాను, మ్యాట్ కింద గాలి ఆడకపోతే వేడి అక్కడే పేరుకుంటుంది. పెట్టిన వేడి రాగానే మ్యాట్‌ని ఆపే థర్మోస్టాట్ కోడిగుడ్ల ఇంక్యుబేటర్‌కి వాడే ఎస్‌టీసీ-1000. దాని వెనక అంకెలున్న స్క్రూల్లో 1, 2కి కరెంటు, 3, 4కి సెన్సర్, 5, 6 వేడికి, 7, 8 చల్లదనానికి. 5, 6 మధ్య ఉన్నది ఉత్త స్విచ్చి, అందులోంచి కరెంటు దానంతటది రాదు. ఫేజ్ వైరుని దాని గుండా పంపాలి. ఇది తెలియక "పీసు పోయింది" అని వెనక్కి పట్టుకెళ్లేవాళ్లుంటారు. వెనక స్క్రూలు తెరిచే ఉంటాయి కాబట్టి డబ్బాలో బిగించకుండా ప్లగ్గు పెట్టొద్దు. వైరింగ్ రాకపోతే ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

సెన్సర్ టబ్బు లోపల పెట్టడం తప్పు. పాము దాన్ని పక్కకి నెట్టినా, దాని మీద నీళ్లు ఒలికినా అది చల్లగా ఉందనుకుని మ్యాట్‌ని ఆపదు. టేపుతో లోపల అతికించడం ఇంకా తప్పు, టేపు ఊడి పొలుసులకి అంటుకుంటే చర్మం లేస్తుంది. మ్యాట్‌కీ టబ్బు అడుగుకీ మధ్య అతికించి, లోపల నేలని తాకకుండానే వేడి చూపే ఐఆర్ గన్‌తో కొలవాలి. నాకు థర్మోస్టాట్‌లో 35 డిగ్రీలు పెడితే లోపల 32 వచ్చింది. కావలసింది ఆ 32, చల్ల వైపు 26. థర్మోస్టాట్ లేకుండా నేరుగా పెట్టి చూసినప్పుడు అడుగున పరిచిన పేపరు మందంగా ఉన్నచోట దాని కింద 45 దాటింది. పాము పొట్ట కాలుతున్నా లేచిపోతుందన్న నమ్మకం లేదు.

మే నెల వేరే కథ. థర్మోస్టాట్ ఆపగలదు గానీ చల్లబరచలేదు. గది 36 అయితే టబ్బులోనూ 36కి తగ్గదు, 35 దాటిన దగ్గర్నుంచి పాముకి గండం. డాబా కింద పైఅంతస్తు గది వద్దే వద్దు. కింది ఇంట్లో, ఉత్తరపు గోడ పక్కన, గచ్చు మీద పెట్టాను. మధ్యాహ్నం గడ్డకట్టిన నీళ్ల సీసాని తువ్వాల్లో చుట్టి బయట నుంచి చల్ల వైపు గోడకి ఆనించేవాణ్ణి. 2018లో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు అక్టోబరు కాబట్టి మ్యాట్ లేకపోయినా పర్వాలేదు, ఫ్యాను లేక గాలి నిలిచిపోవడమే బాధ. టబ్బుని కిటికీ దగ్గరికి జరపాలి, ఎండ మాత్రం తగలకూడదు.

అడుగున వానాకాలం పాత పేపరు చాలు. శీతాకాలం మ్యాట్ నడిస్తే తేమ 45కి పడిపోతుంది, అప్పుడు కొబ్బరి పొట్టు మంచిది. సోంపేట, కవిటి వైపు దొరికేది తెచ్చాను. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి మంచినీళ్లలో మూడుసార్లు నానబెట్టి పిండి ఎండబెట్టాలి. ఊక, రంపపు పొట్టు దుమ్ము లేపుతాయి. పలాసలో చవగ్గా దొరికే జీడి తొక్కల జోలికి పోవద్దు, ఆ నూనె మన చేతుల్నే పొక్కిస్తుంది.

దాక్కోవడానికి రెండు మట్టి మూకుళ్లు బోర్లించి, ఒక్కో అంచున మూడు వేళ్ల వెడల్పు గుమ్మం కొట్టి రాయి మీద అరగదీశాను. ఒకటి వెచ్చ వైపు, ఒకటి చల్ల వైపు. ఒక్కటే పెడితే వేడి వదులుకోవాలో చాటు వదులుకోవాలో తేల్చుకోలేక పాము తిండి మానేస్తుంది. మట్టి గరుకుకి రాసుకుని కుబుసం కూడా ఒక్క తొడుగులా విడుస్తుంది. నీళ్లకి పింగాణీ గిన్నె. స్టీలుది తేలిక, బోర్లా పడుతుంది.

చీమలకి మందు చల్లకుండా స్టాండు కాళ్లు నీళ్ల పళ్లాల్లో పెట్టాను. ఫినాయిల్, దోమల చుట్ట ఆ గదిలో లేవు. శుభ్రానికి ఒక వంతు బ్లీచింగు ద్రావణం, పది వంతుల నీళ్లు. వాసన పూర్తిగా పోయేదాకా కడగడం.

పాముని దించే ముందు ఖాళీ టబ్బుని రెండు రోజులు నడిపి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, తెల్లవారుజామున అంకెలు రాసుకున్నాను. దించాక వారం రోజులు తిండి పెట్టలేదు, చేత్తో తియ్యలేదు. మొదటి మూడు రాత్రులు మాత్రం పడుకునే ముందు టార్చి వేసి మూత అంచు చుట్టూ వేలు పెట్టి చూశాను. రెండో రాత్రి ఒక బకిల్ పట్టు తప్పి పట్టీ వేలు మందం వదులైంది. పట్టీ కొసని వెనక్కి మడిచి ముడి వేశాక మళ్లీ జారలేదు.