బాపు చెప్పిన బాయి వేడి, కెల్విన్ లెక్క

మా బాపు భూపాలపల్లిలో భూగర్భ బొగ్గు బాయికి పోయేవారు. మొదటి షిఫ్టు దిగి వచ్చి, చెమటకు తడిసి బొగ్గుపొడితో అట్టకట్టిన బనియన్‌ను తీగ మీద వేస్తూ, "లోపలికి పోయినకొద్దీ ఎచ్చగ తాకుతది బిడ్డా" అనేవారు. డార్విన్ సిద్ధాంతాన్ని శాస్త్రవేత్తల మధ్య అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన వాదం ఆ వేడి నుంచే పుట్టిందని, ఇంటర్ విద్యార్థులకు ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టాకే నాకు తెలిసింది.

బతకడానికి పనికొచ్చే లక్షణాలున్న జీవులే ఎక్కువగా మిగిలి, తరతరాలుగా జాతులు మారుతాయన్నది డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం. దానికి ఎంతో కాలం కావాలి. దక్షిణ ఇంగ్లండ్‌లోని వీల్డ్ లోయ కోతపడటానికే 30 కోట్ల ఏళ్లు పట్టి ఉంటుందని 1859లో రాసిన డార్విన్, విమర్శలు రావడంతో 1861 నాటి మూడో కూర్పులో ఆ అంకెను తీసేశాడు. మరుసటి ఏడాదే విలియం థామ్సన్, అంటే తర్వాతి లార్డ్ కెల్విన్, గనుల్లో సుమారు 50 అడుగుల లోతుకు ఒక డిగ్రీ ఫారన్‌హీట్ చొప్పున వేడి పెరుగుతుందన్న కొలతను పట్టుకొని, కరిగిన భూమి ఇంతగా చల్లారడానికి 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్లు పట్టి ఉంటుందని లెక్కగట్టాడు. భూమి వయసే అంత తక్కువైతే ప్రకృతి వరణానికి కాలం చాలదు. ఈ అభ్యంతరం తనను ఎంతగా బాధిస్తోందో డార్విన్ 1869లో, ప్రకృతి వరణాన్ని తనలాగే విడిగా కనిపెట్టిన వాలెస్‌కు రాసుకున్నాడు.

1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అనే ఇంజనీరు డార్విన్‌కు మరో ప్రశ్న వేశాడు: తల్లిదండ్రుల లక్షణాలు రంగుల్లా కలిసిపోతే కొత్త లక్షణం ఎలా నిలుస్తుంది? దానికి దారి చూపే మెండెల్ బఠానీ ప్రయోగాలు 1866లోనే అచ్చయినా, 1900 దాకా వాటి విలువను ఎవరూ గుర్తించలేదు.

కెల్విన్ గణితంలో తప్పు లేదు. తప్పు, భూమి లోపలంతా గట్టిగా, కదలకుండా ఉందని ఆయన అనుకున్నదాంట్లో ఉందని 1895లో చూపినవాడు, ఒకప్పుడు ఆయన దగ్గరే సహాయకుడిగా పనిచేసిన జాన్ పెర్రీ. నాకు ఈ చరిత్రలో అందరికన్నా ఇష్టమైన మనిషి ఆయనే. ఎసరు గిన్నెలో అడుగు నీళ్లు పైకి, పై నీళ్లు కిందికి తిరిగినట్టు, భూగర్భంలోని పదార్థం ఏ కొంచెం కదిలినా లోపలి వేడి పైపొరకు అందుతూనే ఉంటుందని, అప్పుడు భూమి వయసు వందల కోట్ల ఏళ్లకు చేరవచ్చని ఆయన వాదించాడు. రేడియోధార్మికతే, అంటే రాళ్లలోని కొన్ని మూలకాలు విచ్ఛిన్నమవుతూ వేడిని పుట్టించడమే, కెల్విన్‌ను ఓడించిందని చాలా పుస్తకాలు రాస్తాయి గానీ, అసలు లోపాన్ని అంతకుముందే పట్టుకున్నది పెర్రీ. కెల్విన్ మాత్రం 1897లో తన అంకెను ఇంకా కుదించి, 2 నుంచి 4 కోట్ల ఏళ్లు అన్నాడు. మా హనుమకొండ చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టల వయసే సుమారు 250 కోట్ల ఏళ్లు.

ఈ ఏడాది కెల్విన్ లెక్కను పిల్లలతో చేయించాను. అందరికీ ఆయన జవాబే వచ్చింది. ఎక్కడ తప్పిందో వెతకమంటే తరగతి చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది, చివరికి వెనక బెంచీలోని ఒక అమ్మాయి లేచి, "లోపలంత గట్టిగనే ఉన్నదని ఆయనకెట్ల తెలుసు సార్?" అని అడిగింది.