ముప్పై వేల డాలర్ల కాగితం

2021 నవంబర్‌లో చెన్నైని వాన వదల్లేదు. టీ నగర్‌లో మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచి, కిందింటి వాళ్లు సామాన్లన్నీ మంచాల మీదికి ఎక్కించుకున్నారు. ఆ రోజుల్లోనే సింగపూర్ నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, దారి తెరిచారు. చెన్నై నుంచి రోజుకి రెండు విమానాలట. రెండు డోసులూ పడినవాళ్లకి క్వారంటైన్ లేదు. అమ్మని తీసుకురాగలవా?"

దానికి డిసెంబర్ చివర్లో కాన్పు. 2020 మార్చిలో మామూలు అంతర్జాతీయ విమానాలు ఆగిపోయినప్పటి నుంచి అమ్మ దాన్ని ఫోన్ తెర మీద చూడటమే. చెల్లెలు చెప్పిన దారి పేరు వీటీఎల్, అంటే టీకాలు వేసుకున్నవాళ్ల కోసం సింగపూర్ ప్రత్యేకంగా నడిపిన విమానాలు. చెన్నై, ఢిల్లీ, ముంబయి నుంచి నవంబర్ 29న మొదలయ్యాయి. నేను ఇంకా ఆలోచిస్తుండగానే అమ్మ శొంఠి, పిప్పళ్లు తెప్పించి బాలింతకి కాయం దంచడం మొదలుపెట్టింది.

కాగితాల పని నాది. ముందు వీటీపీ అనే అనుమతి, అది వచ్చాక వీసా. టీకాల సైట్ కోవిన్‌లో పాస్‌పోర్ట్ నంబరు కలిపి, పూర్తి పుట్టిన తేదీ ఉన్న టీకా సర్టిఫికెట్. బయల్దేరే ముందు రెండు రోజుల్లోపు టెస్ట్, దిగగానే చాంగీ ఎయిర్‌పోర్ట్‌లో పీసీఆర్, ఫోన్‌లో ట్రేస్‌టుగెదర్ యాప్, అంటే కోవిడ్ వచ్చినవాళ్ల దగ్గర మెలిగామా అని చూసేది. వీటితో పాటు ఇన్సూరెన్స్. కోవిడ్ చికిత్సకి, ఆస్పత్రి ఖర్చులకి కనీసం 30,000 సింగపూర్ డాలర్ల కవర్ ఉండాలి. అప్పటి లెక్కన మన డబ్బులో పదహారు లక్షల పైమాటే. కొద్ది రోజులకని వచ్చిన విజిటర్‌కి అక్కడ కోవిడ్ వస్తే బిల్లు విజిటరే కట్టుకోవాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే చూపించమంటోంది వాళ్ల ప్రభుత్వం. అడగడంలో తప్పేమీ లేదనిపించింది నాకు.

"మనకి ఉంది కదా" అంది అమ్మ. ఉన్నమాట నిజమే. పాత మెడిక్లెయిమ్ ఉంది, 2020 జులైలో కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో తెచ్చిన కరోనా కవచ్ అనే కోవిడ్ పాలసీ కూడా తీసుకున్నాం. కానీ ఆ రెండూ మన దేశంలోని ఆస్పత్రులకే. విమానం ఎక్కితే పనికొచ్చేది ట్రావెల్ పాలసీ ఒక్కటే. అది కూడా కోవిడ్‌కి వర్తిస్తుందని అందులో రాసి ఉండాలి. మహమ్మారి వస్తే మాకు సంబంధం లేదు అనే షరతు పాత ట్రావెల్ పాలసీల్లో చాలాచోట్ల ఉండేది.

పాండీ బజార్ పక్క సందులో మాకు తెలిసిన ఏజెంట్ ఉన్నారు, నెల్లూరు ఆయనే. చాలా ఏళ్లుగా మా ఇంటి పాలసీలు చూస్తున్నారు, మంచి మనిషి. 50,000 అమెరికన్ డాలర్ల పాలసీ తీసి ముందు పెట్టారు. సింగపూర్ అడిగినదానికి రెట్టింపు కంటే ఎక్కువే. ఫారంలో 'ఇదివరకే ఉన్న జబ్బులు' అన్న గడి దగ్గర పెన్ను ఆపి, "బీపీ, షుగర్ రాయొద్దులే మేడమ్. రాస్తే మెడికల్ టెస్టులంటారు, టైం పడుతుంది. కౌంటర్‌లో చూసేది సర్టిఫికెట్ ఒక్కటే కదా" అన్నారు.

ఆ మాట ఆయన చెడు ఉద్దేశంతో అన్నది కాదు. అమ్మలాంటి వాళ్లు ఎందరో ఆయన చేతుల మీదుగా అలాగే వెళ్లి క్షేమంగా తిరిగొచ్చి ఉంటారు. కానీ ఆ సర్టిఫికెట్ మమ్మల్ని విమానం ఎక్కించడానికే పనికొస్తుంది. రేపు అమ్మని ఐసీయూలో చేర్చాల్సొస్తే, కంపెనీ మొదట తీసేది ఈ ఫారమే. జబ్బు దాచారని తేలితే క్లెయిమ్ అక్కడితో ఆగిపోతుంది. కౌంటర్ దాటించే పాలసీ వేరు, పరాయి ఊళ్లో అమ్మని కాపాడే పాలసీ వేరు. నాకు రెండోది కావాలి. అమ్మ వేసుకునే మాత్రల పేర్లన్నీ రాయించాను. టెస్టులకి వెళ్లొచ్చాం, ప్రీమియం పెరిగింది, పాలసీ మాత్రం చేతికొచ్చింది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. సర్టిఫికెట్ ఒక్క పేజీ. దాని వెనక ఉండే షరతుల పుస్తకం నిజమైన పాలసీ. అడిగితే గానీ ఇవ్వరు, ఇచ్చినా ఎవరూ చదవరు. రెండు రాత్రులు దాని ముందే కూర్చున్నాను. మొదటి పేజీలో 50,000 డాలర్లని పెద్దక్షరాల్లో ఉంది. లోపల అరవై దాటినవాళ్లకి వేరే పట్టిక ఉంది. గది అద్దె రోజుకి ఇంత, ఐసీయూకి ఇంత, సర్జన్ ఫీజుకి ఇంత, ఏ ఒక్క జబ్బుకైనా మొత్తం మీద ఇంతకు మించదు. ఆ పట్టిక ప్రకారం లెక్క వేస్తే, అమ్మకి కోవిడ్ వస్తే అందే డబ్బు సింగపూర్ అడిగిన మొత్తాన్ని కూడా చేరదు. కాగితం మీద నిబంధన తీరినట్టే కనిపిస్తుంది, మంచం మీద పడ్డాక తీరదు. ఇలాంటి పట్టికని లోపలి పేజీల్లో పెట్టడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. పెద్దవాళ్లకి ఇచ్చే సర్టిఫికెట్ మొదటి పేజీలోనే అది కనపడాలి. ఏజెంట్‌కి ఫోన్ చేసి, పెద్ద వయసు వాళ్లకి ఈ సబ్-లిమిట్, అంటే ఒక్కో ఖర్చుకి విడిగా పెట్టే పరిమితి, లేని ప్లాన్ ఉందా అని అడిగాను. వేరే కంపెనీలో ఉంది. దానికే మార్చుకున్నాం.

అందులోనూ షుగర్ వల్ల వచ్చే ఇబ్బందులకి ప్రాణాపాయమైతేనే కవర్. మామూలు క్లినిక్ ఖర్చు రాదు. ప్రతి క్లెయిమ్‌లో మొదటి 100 డాలర్లు మనమే పెట్టుకోవాలి. పాజిటివ్ వచ్చినా ఒంట్లో బాగానే ఉండి హోటల్ గదిలో ఐసొలేషన్‌లో ఉండమంటే, ఆ గది అద్దె రాదు, ఆస్పత్రిలో చేరితేనే ఖర్చు వస్తుంది. హోటల్ డబ్బు విడిగా పక్కన పెట్టుకోవాలని అక్కడే అర్థమైంది. పాలసీ గడువుని మాత్రం తిరుగు టికెట్ తేదీ దాటి రెండు వారాలు ఎక్కువే తీసుకున్నాను.

డిసెంబర్ రెండో వారం, మీనంబాకంలోని చెన్నై ఎయిర్‌పోర్ట్. ఒమిక్రాన్ పేరు అప్పుడప్పుడే వినిపిస్తోంది, క్యూలో అందరి ముఖాల్లోనూ కంగారు. మా ముందు గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్ద దంపతులు నిలబడ్డారు, కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. కౌంటర్ అమ్మాయి వాళ్ల ఇన్సూరెన్స్ కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇందులో కోవిడ్ అని లేదు సర్" అంది. ఆయన గొంతు తడారిపోయింది. ఇద్దరి పాస్‌పోర్ట్‌లు ఫొటో తీసి వాళ్ల అబ్బాయికి వాట్సాప్‌లో పంపాను. అతను అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో పాలసీ కొని మెయిల్ చేశాడు. అది వచ్చేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఆవిడ మాటల్లో చెప్పిన ఆయన గుండె ఆపరేషన్ సంగతి ఆ పాలసీలో రాశారా అని అడగాలని నోటిదాకా వచ్చింది. కౌంటర్ మూసే వేళ, ఆ హడావిడిలో ఆ మాట అనలేకపోయాను.

చాంగీలో స్వాబ్ తీసి పంపించారు. నిండు నెలల చెల్లెలి ఇంటికి నేరుగా వెళ్లడం మాకు ఇష్టం లేదు. దగ్గర్లో చిన్న హోటల్‌లో దిగాం. ఫలితం నెగెటివ్. కానీ ఒమిక్రాన్ వల్ల ఆ నెలలోనే కొత్త నియమం వచ్చింది, వారం పాటు రోజూ ఏఆర్‌టీ, అంటే మనమే చేసుకునే యాంటిజెన్ టెస్ట్, చేసుకోవాలి. అందులో రెండు రోజులు సెంటర్‌కి వెళ్లి వాళ్ల కళ్ల ముందే చేసుకోవాలి. ఆ వారమంతా చెల్లెలు హోటల్ కింద పార్కులో దూరంగా బెంచీ మీద కూర్చునేది, అమ్మ ఇటు బెంచీ మీద. మధ్యలో మాస్కులు, కబుర్లు.

ఒక సాయంత్రం అమ్మకి ఒళ్లంతా చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. చక్కెర నీళ్లు తాగించి పాలసీ మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి దాపరికం లేకుండా చెప్పింది: "క్లినిక్ ఖర్చు ఈ పాలసీలో రాదమ్మా. కానీ ఆస్పత్రిలో చేర్చమంటే మాత్రం చేర్చే ముందే మాకు చెప్పండి, లేకపోతే క్యాష్‌లెస్ కష్టమవుతుంది." ఒక రిఫరెన్స్ నంబరు కూడా ఇచ్చింది. క్లినిక్‌లో డాక్టర్ చూసి, మాత్ర వేసుకుని వేళకి తినకపోవడం వల్ల షుగర్ పడిపోయిందన్నారు. బిల్లు మేమే కట్టాం. ఆ రాత్రి నాకు ధైర్యాన్నిచ్చింది ఆ నంబరే. షుగర్ సంగతి ఫారంలో రాసి ఉంది కాబట్టే అంత నిబ్బరంగా ఫోన్ చేయగలిగాను.

క్రిస్మస్ దాటాక పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. కాయం ఉండలు తిననని చెల్లెలు, తినాల్సిందేనని అమ్మ.

జనవరి మొదట్లో పక్క ఫ్లాట్‌లోని తెలుగావిడ వాళ్ల నాన్నగారికి కష్టం వచ్చింది. మన దేశానికి రావాలంటే అప్పట్లో 72 గంటల్లోపు చేయించుకున్న ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్‌ని ఎయిర్ సువిధ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేయాలి. ఆయనకి పాజిటివ్ వచ్చింది. కొద్దిపాటి దగ్గు తప్ప మనిషి బాగానే ఉన్నారు. పాలసీ మాత్రం టికెట్ రోజుతో అయిపోతోంది. పొడిగించమంటే, ఆరోగ్యంగా ఉన్నానని రాసివ్వమన్నారు. పాజిటివ్ వచ్చిన మనిషి ఆ మాట ఎలా రాసిస్తాడు? నెగెటివ్ వచ్చేదాకా ఆయన ఏ కవరూ లేకుండా ఉన్నారు. ఆ కూతురి ముఖంలో భయం చూశాక, మా పాలసీలో ఉన్న ఆ రెండు వారాల విలువ తెలిసింది.

మేం చెన్నై చేరేసరికి మరో నియమం, జనవరి 11 నుంచి విదేశాల నుంచి వచ్చినవాళ్లందరికీ ఏడు రోజుల హోం క్వారంటైన్. అమ్మ గదిలో కూర్చుని పాప ఫొటోలు చూసుకుంటూ గడిపేసింది.

టీకాలు పూర్తికాని విజిటర్లకి మిగిలి ఉన్న ఇన్సూరెన్స్ నిబంధనని కూడా సింగపూర్ 2023 ఫిబ్రవరిలో తీసేసింది. థాయ్‌లాండ్ 2021 నవంబర్‌లో 50,000 డాలర్ల కవర్ అడిగి, తగ్గిస్తూ వచ్చి, 2022 జులైలో పూర్తిగా ఎత్తేసింది. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి మాత్రం 30,000 యూరోల కవర్ కోవిడ్‌కి చాలా ముందు నుంచీ ఉంది, ఇప్పటికీ ఉంది. మా పిన్ని ఇప్పుడు జర్మనీలో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరుతోంది. తనకీ షుగరే. పాలసీ తీసుకున్నానని సర్టిఫికెట్ ఫొటో పంపింది. షరతుల పుస్తకం కూడా పంపమన్నాను. ఆదివారం ఇద్దరం కూర్చుని ముందు ఆ వయసు పట్టిక చూస్తాం.