రొయ్యలు, జెల్, అమ్మ

ఇయ్యాల ల్యాబ్ల జెల్ (డీఎన్ఏ బ్యాండ్లుగ కనవడే పలక) చూసినంక నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ కాలే. హన్మకొండల కొన్న సముద్రం రొయ్యల్నుంచి విబ్రియో పారాహీమోలిటికస్ అనే, కడుపు ఖరాబ్ జేసే బ్యాక్టీరియా తీసిన, టీసీబీఎస్ (విబ్రియోలను పెంచేది) ప్లేట్ మీద కాలనీలన్నీ (బ్యాక్టీరియా గుంపులు) ఒక్కతీరుగ ఆకుపచ్చగ, అక్కచెల్లెండ్ల లెక్క, తీరా పీసీఆర్ (జీన్ ఉందో లేదో చూసే పరీక్ష) జేస్తె, విషం తయారు జేసే టీడీహెచ్ జీన్ బ్యాండ్ పాజిటివ్ కంట్రోల్‌కు (ఆ జీన్ ఉన్నదని ముందే తెల్సిన నమూనాకు) తప్ప ఒక్కదానికి రాలే. రెండు వారాల కష్టం, ఖాళీ గీతలు! సముద్రం, ఏరు కలిసేకాడ దొరికే ఈ బ్యాక్టీరియాలు చానామట్టుకు గట్లనే ఉంటయి, ఆ విషం జీన్ లేకుంట. గని 1996ల కలకత్తాల బయటపడి దేశదేశాలు పాకిన ఓ3:కే6 రకం గూడ ఇదే జాతి, దాంట్ల టీడీహెచ్ ఉంది మరి.

అమ్మకు ఫోన్ల చెప్తె "అయితె ఏం గాదన్నట్టేనా బిడ్డా" అన్నది. గట్ల చెప్పరాదు, టీఆర్‌హెచ్ అని ఇంకో విషం జీన్ ఉంది, అది ఇంకా చూడనే లేదు. ఇదంత ఏం చెప్తం, "నువ్వైతె మంచిగ ఉడికియ్యి అమ్మా" అని పెట్టేసిన.