సగమైన జీతం, నాలుగు అప్పులు: నా అనుభవం

2020 ఏప్రిల్ నెల జీతంగా నా ఖాతాలో 34,000 రూపాయలు పడ్డాయి. అంతకుముందు నెల వరకు 68,000 వచ్చేవి. బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీదున్న ఐటీ కంపెనీల క్యాంటీన్లకు భోజనం సరఫరా చేసే ఒక చిన్న సంస్థలో నేను స్టోర్స్ మేనేజరుగా పనిచేస్తున్నాను. మార్చి 25న లాక్‌డౌన్ మొదలై ఆఫీసులన్నీ మూతపడ్డాక మా వంటశాలలో పొయ్యి వెలగలేదు. మా యజమాని ఎవరినీ ఉద్యోగం నుంచి తొలగించకుండా, పరిస్థితి చక్కబడేవరకు అందరికీ సగం జీతం ఇస్తానని చెప్పారు. ఆయన మాట నిలబెట్టుకున్నారు, ఆ కృతజ్ఞత నాకు ఇప్పటికీ ఉంది. అయితే జీతం సగమైంది గాని, అప్పుల వాయిదాలు సగం కాలేదు.

అప్పటికి నాకు నాలుగు అప్పులున్నాయి. మా నాన్నగారి గుండె ఆపరేషన్‌కు తీసుకున్న పర్సనల్ లోన్‌లో 4,12,000 బాకీ ఉంది, నెలకు 15,300 ఈఎంఐ. క్రెడిట్ కార్డు మీద 1,46,000 ఉంది. హిందూపురంలోని మా మేనమామ దగ్గర ప్రోనోటు రాసి తెచ్చుకున్న లక్ష రూపాయలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. ఇవిగాక అప్పటికే పాడి ఎత్తుకున్న చీటీకి నెలకు 5,000 చొప్పున ఇంకా పదకొండు నెలలు కట్టాలి. మారతహళ్ళిలో మేముంటున్న ఇంటి అద్దె 17,000. ఇవన్నీ కలిపితే నెలకు 46,600 అవుతుంది. చేతికొచ్చే 34,000తో ఏ లెక్కా కుదరదు.

సగం జీతమేనని తెలిశాక మొదటి రెండు వారాలు నేను ఈ లెక్కను కాగితం మీద పెట్టనేలేదు. నా భార్యకు కూడా అన్ని అప్పుల సంగతీ తెలియదు, కార్డు బాకీ 40,000 ఉంటుందేమోనని ఆమె అనుకునేది. ఒక రాత్రి మా అమ్మాయి పడుకున్నాక, దాని ఆరో తరగతి లాంగ్ నోట్‌బుక్కులోంచి ఒక పేజీ చించి, వంటింట్లో నేల మీద కూర్చుని ఇద్దరం రాశాం. ఎవరికి బాకీ, ఎంత అసలు, నెలకు ఎంత కట్టాలి అని మూడు గడులు గీశాను. అది చూసి ఆమె, "వడ్డీలు కూడా మీ మామయ్య లెక్క ప్రకారమే రాయండి, నాకు శాతాలు అర్థం కావు" అంది. నూటికి నెలకు ఎన్ని రూపాయలు అని నాలుగో గడి గీశాను. ఆ గడి నింపుతుండగా నా కళ్ళు తెరుచుకున్నాయి.

పర్సనల్ లోన్‌కు ఏడాదికి 14 శాతం, అంటే మన లెక్కలో రూపాయి పదిహేడు పైసలు. మామయ్య అప్పు రెండు రూపాయలు. క్రెడిట్ కార్డు మూడున్నర రూపాయలు, ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్‌టీ, అంటే మొత్తం నాలుగు రూపాయల పైమాటే. మా ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణి రక్తం పీల్చేవాడని అంటారు. అలాంటిది నేను నాలుగు రూపాయల వడ్డీకి అప్పు చేసి, స్టేట్‌మెంటులో మినిమం డ్యూ (ఆ నెలకు కనీసం కట్టాల్సినది) అని కనిపించే 7,300 కడుతూ, బాకీ తీరుతోందనే అనుకుంటూ వచ్చాను. ఆ 7,300లో ఆరు వేలకు పైగా వడ్డీకి, పన్నుకే పోతున్నాయి. అసలులో తరిగేది పన్నెండు, పదమూడు వందలు మాత్రమే. పైగా పాత బాకీ పూర్తిగా తీరనంత కాలం కొత్తగా కొన్న వస్తువులకు వడ్డీలేని గడువు కూడా ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

అంతకుముందే మార్చి 27న రిజర్వ్ బ్యాంకు మూడు నెలల మారటోరియం, అంటే వాయిదాలు కట్టకుండా ఆగే వీలు, ప్రకటించింది. నేను లోనుకూ కార్డుకూ రెండింటికీ దాన్ని తీసుకున్నాను. కట్టనక్కరలేదంటే వడ్డీ కూడా ఆగుతుందని చాలామంది లాగే నేనూ నమ్మాను. వాయిదా మాత్రమే ఆగుతుంది, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మూడు నెలల తర్వాత కార్డు బాకీ 1,46,000 నుంచి 1,64,800కు చేరింది. మే 22న మారటోరియాన్ని ఆగస్టు 31 వరకు పొడిగించినప్పుడు కార్డుకు వద్దనుకుని, లోనుకు మాత్రం కొనసాగించాను. ఆరు నెలల్లో లోను బాకీ 4,41,700 అయింది. చేతిలో డబ్బు లేనివాడికి మారటోరియం పనికిరాదని నేననను. ఏ అప్పుకు తీసుకోవాలో చూసుకుని తీసుకోవాలి. నాలుగు రూపాయల వడ్డీ పడే కార్డుకు దాన్ని తీసుకోవడం నేను చేసిన పెద్ద తప్పు. వడ్డీమీద వడ్డీ భారం తగ్గించేందుకు కేంద్ర ప్రభుత్వం ఆ ఏడాది నవంబరులో రెండు కోట్లలోపు అప్పులవారికి పరిహారం ఇచ్చింది. నా లోను ఖాతాలో ఎనిమిది వందల చిల్లర జమయింది.

ఇక డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు సమాధానం మేముంటున్న ఇంట్లోనే ఉందని గుర్తించినది నా భార్యే. బెంగళూరులో ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే పది నెలల అద్దెను అడ్వాన్సుగా ఇవ్వడం అప్పటికి రివాజు. మేమిచ్చిన 1,70,000 ఏ వడ్డీ లేకుండా ఇంటి యజమాని దగ్గర ఉంది. అదే సమయంలో మేం కార్డుకు నాలుగు రూపాయల వడ్డీ కడుతున్నాం. మే మొదట్లోనే అగ్రిమెంటు ప్రకారం రెండు నెలల నోటీసు ఇచ్చాం. లాక్‌డౌన్ వల్ల చాలామంది సొంతూళ్ళకు వెళ్ళిపోయి ఇళ్ళు ఖాళీగా ఉండడంతో, కె.ఆర్.పురం దాటాక మేడహళ్ళిలో 9,500 అద్దెకు, 50,000 అడ్వాన్సుతో ఒక చిన్న ఇల్లు దొరికింది.

ఇల్లు ఖాళీ చేసిన రోజున యజమాని ఒక్కో గది తిరిగి, గోడలకున్న మేకు గుంతలను వేలితో తడిమి లెక్కపెట్టారు. దేవుడి పటాలున్న చోట మూడు, అమ్మాయి గదిలో ఐదు. పెయింటింగ్ కింద ఒక నెల అద్దె మినహాయించుకుంటానని అన్నారు. అది కూడా ఇక్కడి రివాజే, అగ్రిమెంటులో రాసే ఉంది, అందుకే నేను మారుమాట్లాడలేదు. చేతికొచ్చిన 1,53,000లో కొత్త అడ్వాన్సు, సామాను లారీ కిరాయి, కూలీ పోగా 95,000 మిగిలాయి. జూలై 14న వారం రోజుల లాక్‌డౌన్ మళ్ళీ పెట్టకముందే ఇల్లు మారడం మా అదృష్టం.

ఆ 95,000 కార్డుకు కట్టాను. అయితే కట్టడానికి ముందు ఒక నెలపాటు జరిగినదాన్ని కూడా చెప్పాలి. జూన్ నుంచి కార్డు తరఫున ఒక ఏజెంటు రాత్రి తొమ్మిదింటికి కూడా ఫోన్ చేసేవాడు. ఒకసారి మా అమ్మాయి ఫోన్ ఎత్తితే, "మీ నాన్న బాకీ ఎగ్గొట్టాడు" అన్నాడు. నేను బాకీ ఎగ్గొట్టలేదు, ఆ నెల 6,800 కట్టాను. ఆ మాట పసిపిల్ల చెవిన పడడం నాకు ఇప్పటికీ బాధే. తేదీ, సమయం, మాట రాసుకుని బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఉత్తరం పంపాక ఫోన్లు ఆగాయి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా ఉత్తర్వు ఇచ్చింది. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లోగా బ్యాంకు నుంచి జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఇప్పుడు బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు.

అదే ఏజెంటు, ఒకేసారి 90,000 కడితే మొత్తం సెటిల్ చేస్తామని కూడా అన్నాడు. చేతిలో 95,000 ఉన్నవాడికి ఆ మాట ఎంత తీపిగా ఉంటుందో చెప్పలేను. కాని అలా చేస్తే మన అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా "క్లోజ్డ్" అని కాక "సెటిల్డ్" అని నమోదవుతుంది, అంటే అప్పు పూర్తిగా తీర్చలేదని ఆ తర్వాత అప్పు ఇచ్చేవారందరికీ తెలుస్తుంది. ఉద్యోగం పూర్తిగా పోయినవారికి సెటిల్‌మెంటు తప్పనిసరి కావచ్చు, వారిని తప్పుపట్టను. నాకు సగం జీతమైనా ఉంది. అందుకని 95,000 కట్టి, మిగిలిన 70,000ను నెలకు ఒకటిన్నర శాతం వడ్డీతో 24 నెలల ఈఎంఐగా మార్చమని అడిగాను. మార్చారు. నెలకు సుమారు 3,500, వడ్డీ భాగం మీద జీఎస్‌టీ అదనం. నాలుగు రూపాయల అప్పు రెండు రూపాయలకు లోపల పడింది. కార్డుతో ఇక ఏమీ కొనకుండా లావాదేవీలు ఆపివేయించాను.

లోను సంగతి ఇంత సులువుగా తేలలేదు. సెప్టెంబరు నుంచి 15,300 మళ్ళీ కట్టాలి. ఆగస్టు 6న రిజర్వ్ బ్యాంకు వ్యక్తిగత అప్పులకు కూడా వర్తించే పునర్వ్యవస్థీకరణ విధానం, అంటే అప్పు గడువునూ వాయిదానూ మార్చి రాసే వీలు, ప్రకటించింది. కోవిడ్ వల్ల ఆదాయం పడిపోయినవారికి, మార్చి 1 నాటికి 30 రోజులకు మించి బాకీపడని ఖాతాలకు, గడువును గరిష్ఠంగా రెండేళ్ళు పొడిగించవచ్చు. డిసెంబరు 31లోగా దరఖాస్తుకు బ్యాంకు ఒప్పుకోవాలి. నా ఖాతాలో అప్పటివరకు ఒక్క వాయిదా కూడా తప్పలేదు. తప్పితే ఈ దారి మూసుకుపోతుందని భయపడి, సెప్టెంబరు, అక్టోబరు ఈఎంఐలు ఎలాగైనా కట్టాలనుకున్నాం. నా భార్య తన రెండు గాజులు తీసింది. కుదువ పెడదామని నేనన్నాను. "అది ఐదో అప్పవుతుంది, అమ్మేయండి" అంది. అమ్మేశాం.

బ్రాంచిలో మొదట కలిసిన అబ్బాయి టాప్ అప్ లోన్ తీసుకోమని సలహా ఇచ్చాడు. ఆదాయం తగ్గినవాడికి ఇంకో అప్పు ఇవ్వజూపడం నాకు నచ్చలేదు. పునర్వ్యవస్థీకరణే కావాలని రాతపూర్వకంగా ఇచ్చాను. ఫిబ్రవరి నెల జీతం స్లిప్పు, సెప్టెంబరు స్లిప్పు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, జీతం తగ్గించినట్టు కంపెనీ లేఖ అడిగారు. మొదటిసారి లేఖ మీద తేదీ లేదని దరఖాస్తు వెనక్కి వచ్చింది. రెండోసారి వెళ్ళినప్పుడు దానితోపాటు మా లాంగ్ నోట్‌బుక్కు పేజీని కూడా శుభ్రంగా తిరగరాసి జతచేశాను. ఆదాయం ఎంత, ఏ అప్పుకు ఎంత కడుతున్నాం, తిండికి ఎంత, మిగిలేది ఎంత, ఈఎంఐ 10,500కు మించకపోతే ఒక్క నెల కూడా తప్పకుండా కట్టగలం అని. పరిశీలించిన అధికారి ఆ పేజీని రెండుసార్లు చదివి, "ఎంత కట్టలేరో అందరూ చెబుతారు, ఎంత కట్టగలరో మీరు రాశారు" అన్నారు.

సంతకం చేయడానికి ముందు నాలుగు విషయాలు అడిగాను. వడ్డీ రేటు మారుతుందా, మొత్తం మీద అదనంగా ఎంత పడుతుంది, క్రెడిట్ రిపోర్టులో ఏమని రాస్తారు, మధ్యలో ముందుగా కడితే రుసుము ఎంత. గడువు 57 నెలలు, ఈఎంఐ 10,160 అని షెడ్యూలు ప్రింటు తీసి ఇచ్చారు. అదనపు వడ్డీ దాదాపు 68,000. రిపోర్టులో "రీస్ట్రక్చర్డ్" అనే మాట చేరుతుందని, ఆ తర్వాత కొంతకాలం కొత్త అప్పు దొరకడం కష్టమని ఆయన దాచకుండా చెప్పారు. 68,000 చిన్న మొత్తం కాదు. కాని నెలకు 5,140 ఊపిరి ఆడుతుంది, వాయిదా తప్పదు. ఆ వెలకు అది తీసుకోవడమే సరైనదని నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

నవంబరు నుంచి మా లెక్క ఇలా ఉంది: నా జీతం 34,000, ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పి నా భార్య తెచ్చే 5,000. అద్దె, లోను, కార్డు, చీటీ, మామయ్య వడ్డీ పోగా ముగ్గురి తిండికి, కరెంటుకు, మందులకు 9,800. చీటీని ఒక్క నెల కూడా ఆపలేదు. మనం పాడుకున్న చీటీకి డబ్బు కట్టకపోతే నష్టపోయేది మనలాంటి మిగతా సభ్యులే. నిర్వాహకురాలైన అక్క ముందు తలదించుకోవడం ఒకెత్తు, వాళ్ళ పెళ్ళిళ్ళు, ఫీజులు ఆగిపోవడం ఇంకొకెత్తు. ఆ డిసెంబరులో ఏడు రోజుల గడువుతో అప్పులిచ్చే మొబైల్ యాప్ ఒకటి నేను కూడా డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఫోన్‌లోని నంబర్లన్నీ చూడడానికి అనుమతి అడిగేసరికి తీసేశాను. కొద్దిరోజులకే, డిసెంబరు 23న, అనుమతి లేని డిజిటల్ అప్పుల సంస్థలతో జాగ్రత్తగా ఉండాలని రిజర్వ్ బ్యాంకు హెచ్చరించింది.

మామయ్యకు సంగతి చెప్పడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. ఏప్రిల్‌లోనే ఫోన్ చేసి, "మామా, జీతం సగమైంది, వడ్డీ పూర్తిగా కట్టలేను" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అల్లుడూ, ముందే చెప్పినావు, అది మేలు. బాగుపడేదాకా రూపాయి వడ్డీ లెక్కన పంపు" అన్నారు. ప్రోనోటు మూడేళ్ళకు కాలదోషం పడుతుంది, ఆ తర్వాత దాని మీద కోర్టుకు వెళ్ళలేరు. 2018 సెప్టెంబరులో రాసింది కాబట్టి 2021 ఆగస్టులో, ఆయన అడగకముందే, హిందూపురం వెళ్ళి తిరగరాసి ఇచ్చి వచ్చాను.

చీటీ 2021 ఫిబ్రవరికి, కార్డు ఈఎంఐలు 2022 ఆగస్టుకు పూర్తయ్యాయి. 2022లో ఆఫీసులు తెరుచుకున్నాక నా జీతం 60,000 దాటింది. పెరిగిన జీతంతో ముందుగా మామయ్య లక్ష తీర్చాను. తర్వాత లోనుకు వీలైనప్పుడల్లా కొంత కొంత అదనంగా కట్టి, 2025 జూలై వరకు ఉన్న గడువును 2024 మార్చిలోనే ముగించాను. నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, రెండు నెలల తర్వాత ఏడాదికొకసారి ఉచితంగా ఇచ్చే క్రెడిట్ రిపోర్టు తెప్పించి చూస్తే, ఖాతా "క్లోజ్డ్" అని ఉంది.

లక్ష తీర్చిన రోజున మామయ్య ప్రోనోటు నా చేతికే ఇచ్చి, చించమన్నారు. రెవెన్యూ స్టాంపు మీదున్న నా సంతకం మధ్యగా చించి, రెండు ముక్కలూ లాంగ్ నోట్‌బుక్కు పేజీతో కలిపి పెట్టాను. ఆ పేజీ ఇప్పుడు మా బియ్యం డబ్బా మీద అరలో ఉంది.