ఎర్ర మూత సిరంజి, నాలుగు కోర్సుల విద్యార్థులు

వైద్య, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ విద్యార్థులను ఒక జట్టుగా కూర్చి ఇన్నోవేషన్ ప్రాజెక్టు చేయించే బాధ్యత మా కళాశాలలో నాది. వేర్వేరు వృత్తుల వారు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో కలిసి ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. మన దగ్గర వైద్యం, నర్సింగ్, ఫార్మసీ చదువులను వేర్వేరు నియంత్రణ సంస్థలు చూస్తాయి, వాటి టైమ్‌టేబుళ్లు కలవవు కాబట్టి వీరందరికీ ఒకే మధ్యాహ్నం ఖాళీ దొరకడమే గగనం.

ఇన్నోవేషన్ అనగానే పిల్లలు యాప్ చేస్తామంటారు. అందుకే వైద్య రంగంలో కొత్త పరిష్కారాలు కనుగొనడం నేర్పే స్టాన్‌ఫర్డ్ బయోడిజైన్ పద్ధతిలోని ఒక నియమాన్ని గట్టిగా పాటిస్తాను: అవసరమేమిటో తేల్చి రాసేదాకా పరిష్కారం ఊసెత్తకూడదు.

అలా అవసరాన్ని వెతుకుతూ ఒక జట్టు వెళ్లిన ఇంట్లో పెద్దాయనకు ఇన్సులిన్ వేసుకుంటున్నా షుగర్ తగ్గడం లేదు. మోతాదు పెంచాలేమోనని వైద్య విద్యార్థి రాసుకున్నాడు. నర్సింగ్ విద్యార్థిని మాత్రం, "తాతగారూ, రోజూ ఎలా వేసుకుంటారో ఒకసారి చూపిస్తారా?" అని అడిగింది. ఆయన 20వ గీత దాకా మందు లాగారు. అప్పుడు ఫార్మసీ విద్యార్థి చూపు పక్కన పెట్టిన మూత మీద పడింది. అది నారింజ రంగుది, అంటే మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం చేసిన సిరంజి. ఆయన సీసాలోది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్. దానికి ఎర్ర మూతది వాడాలి. నారింజ మూత సిరంజిలో 20వ గీత అంటే 0.2 మిల్లీలీటర్లు, ఆ లెక్కన ఒంట్లోకి వెళ్తున్నది 20 కాదు, 8 యూనిట్లే. మోతాదు పెంచాక ఏదో ఒక రోజు సరైన సిరంజి చేతికి వచ్చి ఉంటే, షుగర్ ప్రమాదకరంగా పడిపోయేది.

ఫిజియోథెరపీ విద్యార్థికి ఆ ఇంట్లో పెద్దగా పని తగల్లేదు. ప్రతి జట్టులోనూ అందరికీ సమానమైన వాటా ఉన్నట్టు నివేదికలో రాయించడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి ఉన్నదున్నట్టే రాయమన్నాను.

చివరికి వాళ్లు చేసింది చిన్న పనే: ఇన్సులిన్ డబ్బాకు ఒక ఎర్ర మూతను దారంతో కట్టి, చదువు రానివారు కూడా దాన్నే దుకాణంలో చూపించి సిరంజి తెచ్చుకునేలా ఏర్పాటు చేశారు. ఇందులో కొత్తదనం ఏముందని మూల్యాంకనానికి వచ్చినవారు అడిగారు. నా దృష్టిలో కొత్తదనమంతా మూతను గమనించడంలోనే ఉంది. అందుకే ఎక్కువ మార్కులు నమూనాకు కాక పరిశీలన పుస్తకానికి కేటాయించాను. మందుల దుకాణం కౌంటరు దగ్గర ఒక సాయంత్రం నిలబడి, సిరంజి అడిగినవారికి ఏది ఇస్తున్నారో రాసుకురావడం ఈ ఏడాది నుంచి అన్ని జట్లకూ తప్పనిసరి చేశాను.